గేటు లేని చోట గుడారం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పోయిన నెల ఇదే పేజీలో, అమెరికాలో ఆర్కన్సా రాష్ట్ర సరిహద్దు దగ్గర ఒక అడవి దారి పక్కన మా ఆయనా నేనూ పైసా కట్టకుండా రెండు రాత్రులు టెంటు వేసుకుని ఉండొచ్చామని నాలుగు మాటలు రాశాను. గేటు లేదు, బుకింగ్ లేదు, పక్కన ఇంకో టెంటు లేదు అని రాశానంతే. దానికి వచ్చినన్ని ఉత్తరాలు నా రాతల్లో మరి దేనికీ రాలేదు. అందుకే ఈసారి పేజీ మొత్తం వాటికే ఇస్తున్నాను.

*ప్రశ్న: అక్కా, మేము ఫ్రిస్కోలో ఉంటాం. బాబుకి ఆరేళ్లు. స్టేట్ పార్కుల్లో వీకెండుకి సైటు కావాలంటే నెలల ముందే బుక్ చేసుకోవాల్సి వస్తోంది. నేషనల్ ఫారెస్టులో ఎక్కడైనా ఊరికే టెంటు వేసుకోవచ్చని ఆఫీసులో ఒకాయన చెప్పాడు. నిజమేనా? అర్ధరాత్రి ఎవరైనా వచ్చి లేపి పంపేయరు కదా? డాలస్‌కి దగ్గర్లో అలాంటి చోట్ల లిస్టు ఇస్తారా?*

నిజమే తమ్ముడూ. ఇది దొంగచాటు పని కాదు, ఎవరూ లేపరు. అటవీ శాఖ దీన్ని డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ అంటుంది, జనం నోట్లో ప్రిమిటివ్ క్యాంపింగ్. కుళాయి ఉండదు, మరుగుదొడ్డి ఉండదు, చెత్తకుండీ ఉండదు, కూర్చోడానికి బల్ల కూడా ఉండదు. అందుకే రుసుమూ ఉండదు.

ముందు ఒక చిక్కు విప్పాలి, ఎందుకంటే సగం ఉత్తరాల్లో ఈ పొరపాటే ఉంది. నేషనల్ పార్కు వేరు, నేషనల్ ఫారెస్టు వేరు. ఎల్లోస్టోన్ లాంటి పార్కులో నచ్చిన చోట టెంటు వేస్తే జరిమానా పడుతుంది. నేషనల్ ఫారెస్టులు వ్యవసాయ శాఖ కింద ఉంటాయి. దేశం మొత్తం మీద 154 ఉన్నాయి, గ్రాస్‌ల్యాండ్లతో, అంటే గడ్డినేలలతో కలిపి సుమారు 19 కోట్ల 30 లక్షల ఎకరాలు. వద్దని బోర్డు పెట్టిన చోట్లు తప్పిస్తే వీటిలో మామూలుగా ఉండనిస్తారు. ఒకే చోట 14 రోజులకు మించకూడదన్నది చాలా అడవుల్లో ఉన్న లెక్క. పడమటి రాష్ట్రాల్లో బి.ఎల్.ఎమ్. (బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే కేంద్ర సంస్థ) భూములని ఇంకో 24 కోట్ల 50 లక్షల ఎకరాలు ఉన్నాయి, అక్కడా ఇదే పద్ధతి. ఫీనిక్స్‌లో, డెన్వర్‌లో ఉండే మనవాళ్లు ఆ విషయంలో అదృష్టవంతులు. టెక్సస్‌లో భూమి నూటికి తొంభై అయిదు వంతుల దాకా ప్రైవేటుదే. ఇక్కడ రోడ్డు పక్కన ఖాళీగా కనిపించిన ప్రతిదీ ఎవరో ఒకరి సొంతం.

అయినా మీకు మూడు దిక్కులున్నాయి. దగ్గరిది డెకేటర్ పక్కన ఉన్న ఎల్.బి.జె. నేషనల్ గ్రాస్‌ల్యాండ్. సుమారు 20 వేల ఎకరాలు. పేరుకు గడ్డినేల అయినా ఓక్ చెట్లూ చిన్న చెరువులూ ఉన్నాయి. 1930లలో సారం పోయి బీడుపడ్డ పొలాలను ప్రభుత్వం కొని మళ్లీ పచ్చగా చేసిన నేల అది. అయితే అది ఒకే చెక్క కాదు, మధ్య మధ్యలో రైతుల భూములున్నాయి. కంచె దాటేముందు కళ్లు తెరిచి చూడండి. స్తంభాల మీద, చెట్ల మీద నిలువుగా ఊదారంగు పట్టీ కనిపిస్తే అది అలంకారం కాదు. 1997 నుంచి టెక్సస్ చట్టం ప్రకారం దానికి లోపలికి రావద్దనే అర్థం. ఇంకో మాట. అక్కడ పశువులు మేస్తుంటాయి. గేటు మూసి ఉంటే మీరు దాటాక మూయండి, తెరిచి ఉంటే తెరిచే ఉంచండి. పల్లెలో పెరిగినవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

రెండోది హ్యూస్టన్‌కు ఉత్తరాన ఉన్న శామ్ హ్యూస్టన్ నేషనల్ ఫారెస్టు. మూడోది నా ప్రాణం, వాషిటా. రాతలో ఓ-యు-ఎ అని మొదలవుతుంది కాబట్టి మనవాళ్లు ఔచిటా అంటుంటారు, స్థానికులు వాషిటా అంటారు. ఓక్లహోమా, ఆర్కన్సాల మధ్య 18 లక్షల ఎకరాలు. 1907లో ఏర్పడింది, దక్షిణాది రాష్ట్రాల్లో అన్నిటికన్నా పాత నేషనల్ ఫారెస్టు. మీ ఇంటి నుంచి మూడు గంటల పైచిలుకు ప్రయాణం. తాలిహీనా నుంచి మీనా దాకా కొండ వీపు మీద సాగే 54 మైళ్ల తాలిమీనా రోడ్డు నుంచి పక్కలకు చీలిన మట్టి దారుల్లోనే నేను టెంటు వేయడం నేర్చుకున్నాను.

ఇంతవరకే చెబుతాను. ఫలానా దారిలో ఫలానా మలుపు అని చెప్పను, ఫోన్‌లో పిన్ను పంపను. దాచుకోవాలని కాదు. పిన్ను పంచుకున్న చోటు రెండు సీజన్లకే మట్టిదిబ్బ అయిపోవడం నేను చూశాను. కొలరాడో, అరిజోనాల్లో కొన్ని దారుల వెంట జనం పోటెత్తి, చివరికి నంబరు వేసిన చోట్లలో తప్ప ఉండకూడదని ఆంక్ష పెట్టాల్సి వచ్చింది. చోటు అడగొద్దు తమ్ముడూ, వెతకడం నేర్చుకోండి. అదేమంత కష్టం కాదు, పైగా మీ అబ్బాయికి ఆ వెతుకులాటే సగం పండగ.

మీకు కావాల్సిన కాగితం మోటార్ వెహికల్ యూజ్ మ్యాప్. రేంజర్ ఆఫీసులో ఉచితంగా ఇస్తారు. అవెంజా అనే యాప్‌లో ఫోన్‌లోకి దించుకుంటే సిగ్నల్ లేకపోయినా మీరెక్కడున్నారో చుక్క చూపిస్తుంది. చూడ్డానికి అందంగా ఉండదు, నలుపు తెలుపు గీతలు, నంబర్లు. కానీ ఏ దారిలో కారు పోవచ్చో, ఏ నెలల్లో పోవచ్చో తేల్చేది అదే. ఆ మ్యాపులో లేని దారి, మీ కళ్లెదుట ఎంత చక్కగా కనిపిస్తున్నా, బండికి మూసేసినట్టే లెక్క. కొన్ని అడవుల మ్యాపుల్లో దారి గీత వెంట చుక్కలు పెట్టి ఉంటాయి. ఆ మేరకు దారి దిగి పక్కకు బండి తీసుకెళ్లి టెంటు వేసుకోవచ్చని అర్థం. ఎంత దూరం పోవచ్చో ఆ మ్యాపు మీదే రాసి ఉంటుంది.

ఇంట్లో కూర్చుని ఆ మ్యాపునీ శాటిలైట్ బొమ్మనీ పక్కపక్కన పెట్టుకోండి. పెద్ద దారి నుంచి వంద రెండొందల అడుగులు చీలి ఆగిపోయిన చిన్న దారులు కనిపిస్తాయి, చివర చెట్ల మధ్య లేత రంగు మచ్చ ఉంటుంది. నూటికి డెబ్బై సార్లు అది పాత క్యాంపు చోటే. అలాంటివి నాలుగైదు గుర్తు పెట్టుకుని, బయల్దేరే ముందు రోజు రేంజర్ ఆఫీసుకు ఫోన్ చేయండి. శుక్రవారం సాయంత్రం చేస్తే ఎవరూ ఎత్తరు, గురువారమే చేయండి. ఏ దారులు కొట్టుకుపోయాయి, నిప్పు మీద నిషేధం ఉందా, వేట మొదలైందా, ఈ మూడూ అడగండి. మా ఇంట్లో ఆ ఫోన్ నేనే చేస్తాను. ఇంగ్లీషు యాసకు జంకి మొదట్లో మానేసేదాన్ని. ఇప్పుడు చెబుతున్నాను, ఆ ఆఫీసుల్లో ఫోన్ ఎత్తేవాళ్లంత ఓపికమంతులు నాకు ఇంకెక్కడా తగల్లేదు.

చోటుకు చేరేటప్పటికి పొద్దు గుంకడానికి మూడు గంటలు ఉండాలి. ఇది మాత్రం నా మాటగా రాసిపెట్టుకోండి. 2009 అక్టోబరులో మేము మొదటిసారి వెళ్లినప్పుడు చీకటిపడ్డాక చేరాం. హెడ్‌లైట్ల వెలుగులో ఒక వాగు పక్కన చదునైన గులకరాళ్ల నేల కనిపించింది. చాప పరిచినట్టుంది, అక్కడే వేసేశాం. రాత్రి రెండింటికి మా ఆయన నన్ను కుదిపి లేపాడు. పరుపు కింద చెయ్యి పెడితే నీళ్లు! పైన ఎక్కడో వాన పడింది, మా నెత్తిన అప్పటికి నాలుగు చినుకులే. పిల్లను చంకనేసుకుని కారు దాకా వచ్చేసరికి మోకాలి లోతు. టెంటు అక్కడే వదిలేశాం. తెల్లారాక చూస్తే ఆ వాగు ఒడ్డు పొదల కొమ్మల్లో, నా ఛాతీ ఎత్తున, ఎండుటాకులూ పుల్లలూ గడ్డీ ఒకే వైపుకు దువ్వినట్టు చిక్కుకుని ఉన్నాయి. కొన్ని ఆ రాత్రివి కావు, ఎండి తెల్లబడి ఉన్నాయి. అంటే అంతకుముందు ఎప్పుడో నీళ్లు అంత ఎత్తున పారాయి. వెలుగుండగా వచ్చి ఉంటే ఆ చెత్తే మాకు చెప్పి ఉండేది.

ఎనిమిది నెలలు తిరక్కుండానే, 2010 జూన్ 11 తెల్లవారుజామున అదే వాషిటా అడవిలో లిటిల్ మిసోరీ నది పొంగింది. ఆల్బర్ట్ పైక్ అనే చోట నిద్రలో ఉన్న 20 మంది చనిపోయారు. అది ఊరికే ఉండే చోటు కూడా కాదు, బల్లలూ కుళాయిలూ ఉన్న క్యాంపుగ్రౌండు. ఆ వార్త విన్నాక నాలుగు రోజులు నాకు నిద్ర పట్టలేదు.

కాబట్టి టెంటు నీటికి 200 అడుగుల దూరంలో ఉండాలన్న నియమాన్ని నీళ్లు పాడవకుండా పెట్టిన నియమం అని మాత్రమే అనుకోకండి. మనకూ అదే రక్ష. వాగు కన్నా మెట్ట మీద ఉండండి. టెంటు వేసేముందు తల పైకెత్తి చూడండి, ఎండిపోయిన చెట్టు గానీ విరిగి వేలాడే కొమ్మ గానీ ఉంటే ఇంకో చోటు. కొత్తగా గడ్డి తొక్కి చోటు చేయొద్దు. ఇదివరకే ఎవరో ఉండి నేల గట్టిపడి, రాళ్ల పొయ్యి మిగిలిన చోటు వెతకండి. ఆరేళ్ల పిల్లాడికి ఆ పని అప్పగించండి, మీకన్నా ముందు వాడే కనిపెడతాడు.

*ప్రశ్న: మేడమ్, నేను రెడ్‌మండ్‌లో ఉంటాను. వైల్డర్‌నెస్ అని బోర్డున్న అడవిలో కూడా ఊరికే ఉండొచ్చా? ఇక్కడ మా వాషింగ్టన్ రాష్ట్రంలో ఎన్‌చాంట్‌మెంట్స్ అనే కొండ చెరువుల చోటుకి మూడేళ్లుగా లాటరీ వేస్తున్నాను, రావడం లేదు.*

ఉండొచ్చు, కానీ నడిచి వెళ్లాలి. వైల్డర్‌నెస్ అంటే రోడ్లూ కట్టడాలూ లేకుండా సహజంగా ఉంచాలని చట్టం గీత గీసిన అడవి. వైల్డర్‌నెస్ చట్టం మీద 1964 సెప్టెంబరు 3న అధ్యక్షుడు జాన్సన్ సంతకం పెట్టారు. ఆ గీత దాటాక ఇంజను అన్నది పనికిరాదు, సైకిలు చక్రం కూడా తిరగకూడదు. మీ వీపున మోసినంతే మీ ఇల్లు.

ఎన్‌చాంట్‌మెంట్స్ ఉన్నది ఆల్పైన్ లేక్స్ వైల్డర్‌నెస్‌లో. మే 15 నుంచి అక్టోబరు 31 దాకా రాత్రి ఉండాలంటే లాటరీ పర్మిట్ కావాల్సింది ఆ ముక్క ఒక్కదానికే. మిగతా ఆల్పైన్ లేక్స్‌కు నడకదారి మొదట్లో ఉన్న పెట్టెలోంచి కాగితం తీసి మీరే నింపుకుని, ఒక ప్రతి దగ్గర ఉంచుకుంటే చాలు, డబ్బు కట్టక్కర్లేదు. బండి నిలపడానికి మాత్రం చాలా చోట్ల నార్త్‌వెస్ట్ ఫారెస్ట్ పాస్ ఉండాలి, రోజుకు 5 డాలర్లు, ఏడాదికి 30. గుంపు 12 మందికి మించకూడదు. మనవాళ్లు నాలుగు కుటుంబాలు కలిస్తేనే ఆ లెక్క దాటిపోతుంది, ముందే రెండు జట్లుగా విడిపోయి వేరువేరు చోట్లకు వెళ్లండి. మూడేళ్లుగా ఒక్క చోటు కోసమే ఆగిపోయారంటే నాకు బాధగా ఉంది. అదే అడవిలో వందల కొద్దీ చెరువులున్నాయి.

*ప్రశ్న: అమ్మా, గుంటూరు నుంచి మా అత్తగారు మామగారు ఆరు నెలలకు వచ్చారు. ఇంట్లో కూర్చుని కూర్చుని విసిగిపోయారు. అడవికి తీసుకెళ్దామంటే ఆయన సరే అన్నారు, ఆవిడ "బాత్రూము సంగతేంటి?" అంటున్నారు. ఏం చెప్పమంటారు? (మెకిన్నీ)*

ఆవిడ అడగాల్సిందే అడిగారు. ఈ విషయం సిగ్గుపడకుండా మాట్లాడుకోకపోవడం వల్లే చాలామంది ఒక్కసారి వెళ్లి మళ్లీ పోరు.

పద్ధతి ఇది. నీటికీ దారికీ టెంటుకీ 200 అడుగుల దూరం, అంటే పెద్దవాళ్ల అడుగులు దాదాపు ఎనభై. చిన్న తాపీ లాంటి పారతో ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతు గుంట తవ్వాలి. పని అయ్యాక తవ్విన మట్టే కప్పి, పైన ఆకులు లాగాలి. కాగితం వాడితే దాన్ని జిప్ కవరులో వేసి ఇంటికి తెచ్చుకోవాలి, పూడ్చినా జంతువులు తవ్వేస్తాయి. ఇక్కడ మన అలవాటు మనకు మేలు చేస్తుంది. నేను ఒక స్టీలు చెంబు దీనికోసమే పెట్టుకున్నాను, పిడికి ఎర్ర గుడ్డపేలిక కట్టి, వంటసామానులో కలవకుండా. నీళ్లతో కడుక్కునేవాళ్లకు మోసుకొచ్చే కాగితమే ఉండదు. సబ్బుతో చేతులు కడుక్కోవడం కూడా వాగుకు దూరంగానే.

మోకాళ్లు వంగని వాళ్లకు గొంతుక్కూర్చోమంటే శిక్షే. మడతపెట్టే కమోడ్ కుర్చీ, అందులో వేసే సంచులు, చుట్టూ నిలువుగా నిలబడే చిన్న టెంటు, ఈ మూడూ క్యాంపింగ్ దుకాణాల్లో దొరుకుతాయి. సంచి కట్టేసి తెచ్చి ఊళ్లో చెత్తకుండీలో వేయాలి. మా అత్తగారు డెబ్బై ఒకటో ఏట దానితోనే రెండు రాత్రులు హాయిగా ఉన్నారు. ఆవిడకు కావాల్సిందల్లా రాత్రి లేస్తే తోడు ఎవరు వస్తారు, టార్చి ఎక్కడుంది అన్నది ముందే చెప్పడం. కోడలివి నువ్వే ఆ మాట చెప్పమ్మా, కొడుకుని చెప్పమనకు, ఆయనతో ఆవిడ చెప్పుకోలేరు.

నీళ్లు మనిషికి రోజుకు ఒక గ్యాలన్ చాలంటారు, మన వంటకూ చెంబుకూ రెండు లెక్కేయండి. ఇంకోటి, పిడుదులు. మన ఊళ్లో గొడ్లకు పట్టినట్టే ఇక్కడ వేసవిలో మనుషులకు పడతాయి, జబ్బులూ తెస్తాయి. ప్యాంటు అంచు సాక్సుల్లోకి దోపి, సాయంత్రం మోకాలి వెనక, చెవుల వెనక, నడుము చుట్టూ చూసుకోవాలి. పట్టుకుని ఉంటే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా పైకి లాగాలి. మూడు ఆకులు కలిసి ఉన్న తీగను ఎవరినీ ముట్టుకోనివ్వకండి, పాయిజన్ ఐవీ తగిలితే వారం పది రోజులు దురద. మా మామగారు పొద్దున్నే పళ్లు తోముకోడానికి వేప లాంటి పుల్ల దొరుకుతుందేమోనని ఆ తీగ దాకా వెళ్లిపోయారు. పెద్దవాళ్లకు ముందే చూపించి చెప్పండి.

*ప్రశ్న: మేమిద్దరం ఆడవాళ్లం, కొలీగ్స్‌మి. ఇద్దరమే వెళ్లాలని ఉంది. ఇంట్లో వద్దంటున్నారు. మీరేమంటారు? (అర్వింగ్)*

వెళ్లండి, కానీ మొదటిసారి ఏ వసతీ లేని ఊరికే ఉండే చోటుకు వద్దు. అదే అడవిలో రుసుము కట్టే క్యాంపుగ్రౌండులో ఒక రాత్రి ఉండండి. పగలంతా మట్టి దారులన్నీ తిరిగి చోట్లు చూసుకోండి. రెండోసారికి మీకు అడవి కొత్త కాదు.

నా అనుభవంలో భయపడాల్సింది అడవి లోపల కాదు, అడవి అంచున. ఊరికి దగ్గరగా, తారు రోడ్డు దిగగానే ఉండే చోట్లలో బీరు డబ్బాలు, తూటా తొడుగులు, కాల్చిన టైర్లు కనిపిస్తే అది రాత్రుళ్లు కుర్రాళ్లు చేరే చోటు. అక్కడ ఆగకుండా ఇంకో అయిదు మైళ్లు లోపలికి పొండి. బండిని దారివైపు ముఖం పెట్టి నిలపండి, తాళాలు దిండు కింద కాదు, చేతికందే చోట ఒకే జేబులో. ఫోటోలు ఇంటికొచ్చాకే పెట్టండి. అడవి పేరు, దారి నంబరు, ఎప్పటికల్లా ఫోన్ చేస్తారో, చేయకపోతే ఏ షెరీఫ్ ఆఫీసుకు చెప్పాలో కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి. ఇంట్లోవాళ్లు వద్దనడం సగం తగ్గేది ఆ కాగితంతోనే. ఐఫోన్ 14 నుంచి సిగ్నల్ లేకపోయినా శాటిలైట్ ద్వారా సాయం అడిగే వీలుంది, వెళ్లేముందు ఎలా వాడాలో ఇంటి ముందు నిలబడి నేర్చుకోండి.

నవంబరులో జింకల వేట సాగుతుంది. ఆ రోజుల్లో నారింజ రంగు కోటూ టోపీ లేకుండా టెంటులోంచి బయటికి రావద్దు. శామ్ హ్యూస్టన్‌లో ఆ సీజన్‌లో వేటగాళ్లకని కేటాయించిన చోట్లలోనే ఉండాలన్న నియమం ఉంది, ఆఫీసులో అడిగి వెళ్లండి. చోటు అంతా బాగున్నా మనసు ఒప్పకపోతే కారణం వెతక్కండి, టెంటు మడిచేయండి. మేమలా రెండుసార్లు వచ్చేశాం.

*ప్రశ్న: ఎలుగుబంట్లు వస్తాయా? ఆవకాయ వాసనకు వస్తాయని స్నేహితులు భయపెడుతున్నారు. వంట, నిప్పు గురించి చెప్పండి. (బెంటన్‌విల్)*

మీ ఆర్కన్సాలో నల్ల ఎలుగులున్నాయి. వాటికి ఆవకాయ అయినా ఒకటే, టూత్‌పేస్టయినా ఒకటే. వాసన వచ్చేది ఏదీ టెంటులో ఉండకూడదు. తిండి, సబ్బు, కొబ్బరినూనె, పిల్లల బిస్కెట్ పొట్లాం, అన్నీ రాత్రి కారులో పెట్టి తాళం వేయాలి. గ్రిజ్లీలనే పెద్ద ఎలుగులు తిరిగే పడమటి అడవుల్లో ఇంకా కట్టుదిట్టమైన నియమాలున్నాయి. కొన్ని చోట్ల ఎలుగు తెరవలేని డబ్బా తప్పనిసరి.

పోపులూ వేపుళ్లూ ఇంట్లోనే ముగించుకోండి. నేను పులిహోర, జొన్న రొట్టెలు, శెనగల పొడి తీసుకెళ్తాను, అక్కడ చేసేది టీ, అన్నం, అంతే. గిన్నెలు వాగులో కడగొద్దు. నీళ్లు ముంచుకొచ్చి 200 అడుగుల అవతల కడిగి, మెతుకులు జల్లించి చెత్తలో వేసి, మిగిలిన నీళ్లు విసిరి చల్లేయండి.

నిప్పు విషయంలో మాత్రం నేను కఠినంగానే రాస్తాను. నిషేధం ఉంటే చిన్న మంట కూడా వద్దు. కాలిఫోర్నియా ఫెడరల్ అడవుల్లో గ్యాస్ స్టవ్ వెలిగించాలన్నా ముందు ఉచిత క్యాంప్‌ఫైర్ పర్మిట్ తీసుకోవాలి. నిషేధం లేనప్పుడు పాత పొయ్యిలోనే, రాలి ఎండిన, మణికట్టు లావు మించని పుల్లలతోనే. ఇంటి నుంచి కట్టెలు తీసుకెళ్లొద్దు, వాటిలో దాగిన పురుగులు అక్కడి చెట్లను చంపుతాయి. పడుకునేముందు నీళ్లు పోయాలి, కలపాలి, మళ్లీ పోయాలి, చివర అరచెయ్యి వెనక భాగం బూడిదకు దగ్గరగా పెట్టి చూడాలి. వెచ్చగా తగిలితే ఇంకా ఆరలేదు. అందుకే తాగేనీళ్లు కాక ఒక బకెట్టు నీళ్లు దీనికని విడిగా ఉంచాలి.

*ప్రశ్న: అమ్మా, మాది నంద్యాల. మీ రాతలు ఆన్‌లైన్‌లో చదువుతుంటాను. మేము నలుగురు స్నేహితులం నల్లమలలో ఇలాగే టెంటు వేసుకోవాలనుకుంటున్నాం. ఏ వైపు బాగుంటుంది?*

ఏ వైపూ వద్దు నాయనా. ఇది నీ మీద కోపంతో అనడం లేదు, నాదీ ఆ పక్క ఆత్మకూరే. ఆ అడవి మీద నీకెంత ప్రేమ ఉందో నాకూ అంతే.

మనది పులుల అడవి. నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వు విస్తీర్ణంలో దేశంలోనే పెద్దది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ రిజర్వు అయింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా అడుగుపెట్టడమే నేరం, రాత్రి ఉండటం సంగతి చెప్పక్కర్లేదు. దోర్నాల ఘాట్, మన్ననూరు ఘాట్ రోడ్లే రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు కదా. పైగా అది చెంచుల ఇల్లు. అమెరికాలో నేను మ్యాపు పట్టుకుని తిరిగేది, ఉండొచ్చని చట్టమే చెప్పిన నేలలో. ఇక్కడి అలవాటు అక్కడికి మోసుకురాకూడదు.

అడవిలో రాత్రి గడపాలనుంటే మీ పక్కనే బైర్లూటిలో అటవీ శాఖ వాళ్ల జంగిల్ క్యాంపు ఉంది, డబ్బు కట్టి ఉండండి. అంత డబ్బు లేదనుకుంటే నీ కాళ్లున్నాయి. మహాశివరాత్రికి వెంకటాపురం నుంచి నాగలూటి, పేచెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలానికి నడిచే దారి ఆ రోజుల్లో తెరుస్తారు. చెప్పిన దారి తప్పకుండా, ప్లాస్టిక్ పారేయకుండా నడువు. పేచెరువు దగ్గర రాత్రికి ఆగుతారు. నేను పుట్టి బుద్ధెరిగాక గేటు లేని చోట పడుకున్నది మొదట అక్కడే.

నాకు పదకొండేళ్లు, మా అవ్వ తీసుకుపోయింది. మూడు రాళ్లు పెట్టి కొర్రన్నం వండింది, మిరప్పొడిలో ఉల్లిగడ్డ నంచుకుని తిన్నాం. చుట్టూ వందల మంది, ఎవరి పొయ్యి వాళ్లది. అందరూ పడుకున్నాక అవ్వ చెంబుతో చెరువుకు పోయి రెండుసార్లు నీళ్లు తెచ్చి పొయ్యిలో పోసింది. పుల్లతో కెలికింది. తర్వాత వంగి, గాజుల చెయ్యి తిరగేసి బూడిద మీద ఆనించి, కాసేపు అలాగే ఉంచింది. మళ్లీ చెంబు తీసుకుని చెరువుకు పోయింది.